ఆఖరి బస్సుకు అన్నయ్య

మా ఆయన దర్జీ. వీధిలో అందరూ మాస్టారు అంటారు. ఆయన కుట్టుకి పేరు పెట్టడానికి లేదు. కానీ ఆయనే పేర్లు పెట్టడం మొదలుపెడితే మాత్రం ఎవరి పరువూ మిగలదు. బట్ట మీద కత్తెర పెట్టే ముందు పదిసార్లు ఆలోచించే మనిషి, మనుషుల మీద నోరు పెట్టే ముందు ఒక్కసారీ ఆలోచించడు. టేపు మెడలో వేసుకుని ఎదుట నిలబడతాడా, పైకి ఛాతీ, నడుము, భుజం అంటూనే లోపల ఆ మనిషికో పేరు కుట్టేస్తాడు. చొక్కా కోసం వారం తిరగాలి. పేరు మాత్రం అక్కడికక్కడే తయారు.

ఎదురుగా ఉన్న కిరాణా కొట్టాయన ఏదడిగినా "రేపొస్తుంది" అంటాడు కాబట్టి ఆయన పేరు రేపొస్తుంది. మా పాస్టరుగారు ప్రార్థన ముగించి ఆమెన్ అన్నాక, అందరం కళ్ళు తెరిచి చెప్పులు వెతుక్కుంటుంటే ఏదో గుర్తొచ్చి మళ్ళీ మొదలుపెడతారు. ఆయన రెండో ఆమెన్. కట్టుకున్న పెళ్ళాన్ని కదా, నన్నైనా వదిలాడా అంటే అదీ లేదు. నేను అంబులెన్సునట. గొంతెత్తానంటే ఎంతటివాడైనా పక్కకి తప్పుకుని దారివ్వాల్సిందేనట. ఈ మాట నా ముందే అంటాడు, పైగా నవ్వమంటాడు!

ఇవన్నీ సరే, పోనీలే అనుకోవచ్చు. కానీ ఒక పేరు మాత్రం పోనీలే అనుకునేది కాదు.

మా వెనక వీధిలో ఒకావిడ ఒంటరిగా ఉండేది. మంచం పట్టినవాళ్ళని ఇళ్ళకి వెళ్ళి చూసుకోవడం ఆవిడ పని. ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, దుప్పట్లు ఉతకడం, చెంచాతో జావ తాగించడం, ఇంటివాళ్ళు ముక్కు మూసుకునే పనులన్నీ ముఖం చిట్లించకుండా చేసేది. అయితే మన జనం ఆవిడని ఎప్పుడు పిలుస్తారు? తాము చేసి చేసి విసిగి, డాక్టరు కూడా ఇక ఇంటికి తీసుకెళ్ళండి అన్నాక పిలుస్తారు. అప్పుడు పిలిస్తే ఏమవుతుంది? ఆవిడ వెళ్ళిన కొన్నాళ్ళకి ఆ ముసలాయనో ముసలమ్మో కన్నుమూయడం మామూలే.

ఒకరోజు ఆవిడ చేతిసంచీతో మా కొట్టు ముందు నుంచి గబగబా వెళ్తోంది. మా ఆయన మిషను ఆపి, కళ్ళజోడు పైకి తోసి, "అదిగో ఆఖరి బస్సు! ఎవరింటి ముందు ఆగుతుందో చూసుకోండి. ఆగిందంటే ఎక్కాల్సిందే," అన్నాడు.

కొట్లో ఉన్నవాళ్ళు పడీ పడీ నవ్వారు. రేపొస్తుంది అయితే ఆ మాటని తన కొట్లో పప్పుతో పాటు పొట్లం కట్టి ఇంటింటికీ పంపాడు. సాయంత్రానికి వీధి వీధంతా అదే పేరు. ఏడాదిగా లేవలేని ఒక ముసలావిడ, కోడలు ఈవిడని తీసుకొచ్చిందని విని తానే లేచి తలుపు గడియ పెట్టుకుందట. అది విని మా ఆయన, "చూశావుటే, డాక్టర్లు చేయలేనిది నా పేరు చేసింది," అని మురిసిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మెల్లగా అందరూ ఆవిడని పిలవడం మానేశారు. రోగులు హడలిపోతుంటే ఇంటివాళ్ళు మాత్రం ఏం చేస్తారు? ఆవిడ సంచీ మేకుకి వేలాడుతూ ఉండిపోయింది. మంచాల మీద ఉన్నవాళ్ళు మంచాల మీదే ఉన్నారు, చూసే దిక్కు లేకుండా.

అలా దిక్కులేకుండా పడున్నవాళ్ళలో పెద్ద మాస్టారు ఒకరు. మా ఆయనకి సూదిలో దారం ఎక్కించడం దగ్గర నుంచి కోటు కత్తిరించడం దాకా నేర్పిన గురువు ఆయన. ఒక శనివారం ఆయన కోడలు మా కొట్టుకొచ్చింది. పిల్ల ముఖం పీక్కుపోయి ఉంది.

"మావయ్యగారి వీపంతా పుళ్ళు పడ్డాయండీ. నా ఒక్కదాని వల్ల కావట్లేదు. ఆవిడని పిలుద్దామంటే గడప తొక్కనివ్వనంటున్నారు. 'బస్సొచ్చిందంటే ఎక్కాలి కదమ్మా, నాకప్పుడే తొందరేముంది' అంటున్నారు."

మా ఆయన ఫక్కున నవ్వాడు. తన జోకు అంత దూరం వెళ్ళి తిరిగొచ్చిందన్న సంబరం. ఆ నవ్వు సగంలో ఉండగా ఆ అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మా ఆయన నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. ఆ తర్వాత ఆ రోజంతా మిషను చప్పుడు తప్ప కొట్లో ఇంకో చప్పుడు లేదు. జ్వరమేమోనని నాకు అనుమానం వచ్చి ఆయన నుదురు కూడా పట్టుకు చూశాను.

మర్నాడు ఆదివారం. పాస్టరుగారు ఆ రోజు మారుమనస్సు గురించి మాట్లాడారు. "మారుమనస్సు అంటే మనసు కరగడం అనుకుంటున్నారు మీరంతా. కరిగినది మళ్ళీ గడ్డ కడుతుంది. మారుమనస్సు అంటే వెనక్కి తిరగడం. నోటితో ఎవరినైనా గాయపరిచి వచ్చారా? ఇక్కడ కూర్చుని ఏడవకండి. లేచి వాళ్ళింటికి నడవండి. ప్రభువు మిమ్మల్ని క్షమించి ఊరికే కూర్చోబెట్టడు, పనిలో పెడతాడు," అన్నారు.

నా పక్కన, మగవాళ్ళ వరసలో చివరి కుర్చీలో, ప్రతి ఆదివారం ఈ సమయానికి కునుకు తీసే మనిషి లేచి నిలబడ్డాడు. బయటికి పోతాడనుకున్నాను. ముందుకి వెళ్ళి మోకాళ్ళ మీద పడి చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు. సంఘమంతా బిత్తరపోయింది. పాస్టరుగారు తల మీద చేయి వేసి ప్రార్థన చేశారు, ఆమెన్ అన్నారు, మళ్ళీ మొదలుపెట్టి రెండో ఆమెన్ కూడా అన్నారు. మా ఆయన కదల్లేదు. నిజం చెప్పొద్దూ, నాకు గుండె నిండిపోయింది. అయినా అనుమానం పోలేదు. ముప్పై ఏళ్ళ కాపురం మరి!

ఇంటికి నడుస్తుంటే మొదలుపెట్టాడు. "ఇక నుంచి నా బతుకు సేవకే. అనాథ పిల్లలందరికీ బట్టలు కుడతాను. దూరదేశాలు వెళ్ళైనా సరే..."

"దూరదేశాలు తర్వాత. ముందు వెనక వీధికి పదండి," అన్నాను.

అడుగు ఆగిపోయింది. "ఇవాళేనా? ఆవిడ ఏమంటుందో ఏమో..."

"ఏమన్నా పడండి. ఇన్నాళ్ళూ ఆవిడ పడలేదా?"

చెప్పాను కదా, అంబులెన్సుని. దారి ఇవ్వక తప్పలేదు.

ఆవిడ తలుపు తీసింది. మమ్మల్ని చూసి లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. దారి పొడుగునా మా ఆయన మాటలు కూడబలుక్కుంటూనే వచ్చాడు. చేతులు కట్టుకున్నాడు, తల వంచాడు, గొంతు సవరించుకున్నాడు, ఎంతో మర్యాదగా అన్నాడు:

"ఆఖరి బస్సుగారూ, నన్ను క్షమించండి."

అయ్యో నా రాత! అక్కడే నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది నాకు. మా ఆయన నాలుక కరుచుకున్నాడు. అప్పుడు తెలిసింది, ఆయనకి ఆవిడ పేరు తెలియదు. నాకూ తెలియదు. వీధిలో ఎవరికీ తెలియదు.

ఆవిడ ఆయన్ని కిందా మీదా చూసి, "ఇన్నాళ్ళకి గారు తగిలించారు. సంతోషం," అంది.

"నోరు జారిందమ్మా. మీ పేరు తెలియక..."

"తెలిస్తే ఏం చేస్తారు? దాన్నీ కత్తిరించి ఇంకోటి కుడతారు."

మా ఆయన గడప ముందే నేల మీద కూలబడ్డాడు. "తప్పు చేశానమ్మా. దేవుణ్ణి క్షమించమని అడిగాను. ఆయన క్షమించాడనే నమ్ముతున్నాను. మీరు కూడా..."

"ఆయనకేం, క్షమిస్తాడు. ఆయన పని పోలేదు కదా. పోయింది నాది." గొంతు పెంచలేదు. పెంచి తిట్టినా బాగుండేది. "నాకు మీ క్షమాపణ అక్కర్లేదు, మాస్టారూ. నా పని నాకు కావాలి. ఇప్పించగలరా?"

"ఇప్పిస్తాను," అన్నాడు మా ఆయన, ఎలాగో తనకే తెలియకుండా.

మర్నాటి నుంచి కొట్టు వదిలేసి చుట్టుపక్కల వీధుల్లో కూడా ఇంటింటికీ తిరిగాడు. "ఆవిడని ఇకమీదట ఆఖరి బస్సు అనకండి," అని చెప్పడం, వాళ్ళు "ఎవర్ని?" అనడం, ఈయన వివరంగా చెప్పడం, వాళ్ళు "ఆఖరి బస్సా! భలే పేరండీ!" అని చప్పట్లు కొట్టడం. అప్పటిదాకా ఆ పేరు తెలియనివాళ్ళకి కూడా తెలిసిపోయింది. సాయంత్రం మొహం వేలాడేసుకుని వస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "చాలు, ఇంక ప్రచారం ఆపండి. మాటతో పెట్టిన పేరు మాటతో పోదు. ఆవిడని తీసుకుని పెద్ద మాస్టారింటికి వెళ్ళండి," అన్నాను.

ముగ్గురం వెళ్ళాం. గదిలోకి అడుగు పెట్టగానే వాసన గుప్పుమంది. పెద్ద మాస్టారు గోడవైపు తిరిగి ఉన్నారు. శరీరం పుల్లలా అయిపోయింది కానీ నోరు మాత్రం శిష్యుడిదే. కాదు, శిష్యుడిదే ఆయన దగ్గర నుంచి వచ్చిందని చెప్పాలి.

"ఎవర్రా వెనకాల? ఎవర్ని తెచ్చావు?"

మా ఆయనకి మాట తడబడింది. పాత పేరు అనకూడదు, అసలు పేరు తెలియదు. "మా... మా చెల్లెలు, గురువుగారూ," అనేశాడు.

"నీకు చెల్లెలెక్కడిదిరా? నిన్ను కన్నాక మీ అమ్మకి ఇక చాలనిపించింది కదా!"

"ఇవాళ్టి నుంచి ఉంది."

పెద్ద మాస్టారు మెడ తిప్పి చూశారు. కళ్ళు పెద్దవయ్యాయి. "ఒరేయ్! ఇది ఆ బస్సేరా! నాకు టిక్కెట్టు కోయించావుట్రా!"

"ఆ పేరు పెట్టింది నేనే, గురువుగారూ. తప్పు కుట్టు పడింది. విప్పేస్తున్నాను."

"కుట్టు విప్పినా బట్ట మీద సూది బెజ్జాలుంటాయిరా వెధవా. నీకు నేర్పలేదూ?"

"ఉంటాయి." మా ఆయన మంచం పక్కన కూర్చున్నాడు. "ఉంటాయనే ఆవిడతో పాటు రోజూ నేనూ వస్తాను. మీకు ఏమైనా అవుతుందని భయమైతే నా చేయి పట్టుకోండి. కానీ ఆవిడని చూడనివ్వండి. మీ వీపు ఇలా అయిపోవడానికి కారణం నేను."

పెద్ద మాస్టారు చేయి చాచి మా ఆయన చేయి పట్టుకున్నారు. తర్వాత, "నువ్వూ ఎక్కుతానంటే సరే," అన్నారు.

ఆవిడ అప్పటికే సంచీ తెరిచింది. "మాటలు తర్వాత. మాస్టారూ, ఇటు రండి. చేయి భుజం కింద కాదు, నడుము కింద. లాగకండి, అది బస్తా కాదు, మనిషి," అంది.

అలా మొదలైంది మా ఆయన సేవ. దూరదేశాలకి పోతానన్న మనిషి రోజూ పొద్దునా సాయంత్రం పక్క సందులో దుప్పట్లు పిండాడు. మొదటి రోజు పుళ్ళు కడుగుతుంటే కళ్ళు తిరిగి పడబోయాడు. ఆవిడ "రోగి ఒకరు చాలు నాకు" అని కుర్చీ జరిపింది. పోనుపోనూ చేయి తిరిగింది. ముసలాయనకి చొక్కా తొడగడానికి పైకి లేపితే బాధపడుతున్నారని, వెనక మొత్తం తెరిచి ఉండి నాడాలతో ముడివేసుకునే చొక్కాలు కుట్టాడు. ముందు నుంచి చూస్తే దర్జాగా కాలరు, గుండీలు, జేబు. లేపకుండానే తొడిగేయొచ్చు. పెద్ద మాస్టారు అద్దం తెప్పించుకుని చూసి, "ముందు పెళ్ళికొడుకు, వెనక బిచ్చగాడు. కాలరు ఎడమవైపు వంకర," అన్నారు. మా ఆయన విప్పి మళ్ళీ కుట్టాడు.

ఆవిడని చెల్లీ అనే పిలిచేవాడు. మొదట్లో నోటికి అడ్డం పడేది, తర్వాత అలవాటైంది. ఆవిడ నన్ను వదినా అంటూ నా వంటింట్లోకి కూడా వచ్చేది. ఆయన్ని మాత్రం మాస్టారూ అనే. వరస కలపడానికి ఆయన తొందరపడ్డాడు కానీ ఆవిడ పడలేదు. ఎందుకు పడాలి?

పుళ్ళు మానడం మొదలైంది. మా ఆయన ఆనందానికి హద్దు లేదు. మిషను తొక్కుతూ పైకే ప్రార్థన చేసేవాడు. "ప్రభువా, గురువుగారిని లేపి కూర్చోబెట్టు. కర్ర పట్టుకునైనా వీధి చివరిదాకా నడిపించు. అందరూ చూడాలి."

ఒకరోజు ఆవిడ నాకేదో ఇవ్వడానికి వచ్చి గుమ్మంలో నిలబడి విన్నది.

"మాస్టారూ, ఆయన్ని బతికించమని అడుగుతున్నారా, మీ మాట నిలబెట్టమని అడుగుతున్నారా?"

మిషను ఆగింది.

"ఆయన లేవరు. నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. నేను వెళ్ళేది ఎవరినీ ఆపడానికి కాదు. పోయేవాళ్ళు మురికిలో, నొప్పితో, ఒక్కళ్ళే పోకూడదని వెళ్తాను. మా అమ్మ అలా పోయింది. నేను ఊళ్ళో లేను." అంతే చెప్పి, తెచ్చింది నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

మా ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు. ఆదివారం ప్రార్థనలో ఆయన పెదాలు కదులుతుంటే చెవి అటు పెట్టాను. "నీ ఇష్టం తండ్రీ. నా మాట పోతే పోనీ. ఆయనకి నొప్పి లేకుండా చూడు," అంటున్నాడు. ఆ రోజు నాకు అనుమానం పూర్తిగా పోయింది.

చలి మొదలైన రోజుల్లో, ఒక మధ్యాహ్నం, పెద్ద మాస్టారు తనని కిటికీ వైపు తిప్పమన్నారు. ఇద్దరూ తిప్పారు. ఒక చేయి ఆవిడ చేతిలో పెట్టారు, రెండోది మా ఆయన చేతిలో. "కాలరు ఇప్పుడు బాగుందిరా," అని కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ తెరవలేదు.

సమాధుల తోటలో వీధంతా ఉంది. పాస్టరుగారు ఇంకా రాలేదు. జనం గుసగుసలాడుతున్నారు. ఆవిడ అందరికంటే వెనక, గోడ దగ్గర నిలబడింది. అప్పుడు రేపొస్తుంది పక్కవాడి వైపు వంగి, అందరికీ వినబడేలా, "మొత్తానికి బస్సు టైముకే వచ్చింది," అన్నాడు.

ఇద్దరు ముగ్గురు నవ్వు ఆపుకున్నారు. ఆవిడ తల వంచుకుంది. నేను ఒంటికాలి మీద లేవబోయాను. కానీ మా ఆయన ముఖం చూసి ఆగిపోయాను. ఆ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఆ మాట తనది, అచ్చంగా తన కుట్టే. ఆయన సమాధి గోతి పక్కకి నడిచాడు.

"ఆ పేరు నాది," అన్నాడు. "నవ్వించాలని పెట్టాను. మీరు నవ్వారు, నేను పొంగిపోయాను. ఆ నవ్వుకి ఈయన వీపు కుళ్ళిపోయింది. నాకు పని నేర్పిన మనిషి వీపది. నేను పక్కనే ఉండి చూడ్డానికి పోలేదు. ఆవిడ చూసింది. పేరు పెట్టి తరిమేసిన మనిషే వచ్చి చూసింది. ఇవాళ పొద్దున ఒళ్ళు తుడిచి బట్టలు తొడిగాం. పచ్చి పుండు ఒక్కటి లేదు. పసిపిల్లాడిని పంపినట్టు పంపింది. దేవుడు నన్ను క్షమించాడని నేను ఊరికే చెప్పుకుంటూ తిరిగాను. క్షమించినవాడు ఎలా ఉంటాడో మాత్రం ఆవిడ పక్కన నిలబడ్డాకే తెలిసింది. ఆవిడ నా చెల్లెలు. ఇక ఎవరైనా ఏదైనా అనాలంటే నన్ననండి."

ఇంకేదో చెప్పబోయి ఏడ్చేశాడు. అప్పటికి వచ్చి నిలబడ్డ పాస్టరుగారు ప్రార్థన చేశారు. ఆ రోజు ఒక్కసారే ఆమెన్ అన్నారు.

ఆ తర్వాత ఏదో జరిగిపోతుందనుకున్నాం. ఏమీ జరగలేదు. ఎవరూ పిలవలేదు. ఆవిడ సంచీ మళ్ళీ మేకెక్కింది. మా ఆయన ఎవరైనా కొట్లోకి వస్తే చాలు, ఆశగా తలెత్తి, వాళ్ళు ప్యాంటు పొట్టి చేయమనగానే నీరుగారిపోయేవాడు. "ఇప్పిస్తానన్నాను కదే ఆవిడకి," అనేవాడు. నాకు కసిరే ఓపిక కూడా లేకపోయింది.

ఒక ఉదయం రేపొస్తుంది వచ్చాడు. చేతిలో బట్ట లేదు. గుమ్మంలోనే నిలబడి చెప్పు కాలితో నేల రాస్తున్నాడు. మా ఆయన పలకరించలేదు. నేను అసలే పలకరించలేదు.

"మా అమ్మ మంచం దిగట్లేదు, మాస్టారూ," అన్నాడు చివరికి. "మేం ముట్టుకుంటే అరుస్తోంది. పొద్దున్నే నన్ను పిలిచి..." ఆగిపోయాడు. నోరు తెరిచాడు, ఆ నోట్లో ఉన్నది ఒకటే పేరు, అది బయటికి రాకుండా మింగాడు. "మాస్టారి చెల్లెల్ని పిలవరా అంది. పెద్ద మాస్టారిని అంత శుభ్రంగా పంపిందట కదా, నన్నూ అలా చూసుకోమని అడగరా అంది. మీ చెల్లెలు వస్తుందా, మాస్టారూ?"

మా ఆయన కత్తెర కింద పెట్టాడు. ఏదైనా అంటాడేమో, ఇంత దొరికినప్పుడు ఒక్క మాటైనా అనకుండా ఉంటాడా అని చూశాను. ఏమీ అనలేదు. మెడలో టేపు తీయడం కూడా మరచిపోయి పరుగులాంటి నడకతో వెనక వీధికి పోయాడు. నేను గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. సందు మలుపు అవతల ఆయన గొంతు వినబడింది.

"చెల్లీ! సంచీ తీసుకో! పిలుపొచ్చింది!"

తలుపు చప్పుడు. తర్వాత ఆవిడ గొంతు.

"వస్తున్నా, ఉండు అన్నయ్యా."

రేపొస్తుంది నా వైపు చూశాడు. నా కళ్ళకి అప్పటికి ఏమీ కనబడటం లేదు. కుర్చీ జరిపి, "కూర్చోండి, వచ్చేస్తారు," అన్నాను.